కర్టెన్లు మనమే కుడదాం – 3వ భాగం: ఏ గదికి ఎంత పొడవు?

పోయిన భాగంలో రాడ్ ఎక్కడ బిగించాలో చూశాం. ఇంకా బిగించనివాళ్లు ముందు ఆ పని కానివ్వండి. పొడవు కొలిచేది రాడ్ దగ్గర్నుంచే. కిటికీ ఎత్తు మాత్రమే కొలుచుకుని బజారుకెళ్తే పొట్టి కర్టెన్‌తో తిరిగొస్తారు.

షాపుల్లో ఎక్కువగా దొరికే రెడీమేడ్ సైజులు మూడు: 5, 7, 9 అడుగులు. కిటికీకి, డోర్‌కి, లాంగ్ డోర్‌కి అని అడిగితే తీసిస్తారు.

చాలా ఇళ్లలో కిటికీ నేల నుంచి 3 అడుగుల ఎత్తున మొదలై 7 అడుగుల దగ్గర ఆగుతుంది. దానికి 4 అంగుళాల పైన రాడ్ ఉంటే, రాడ్ దూర్చే రింగుల పైన పోయే అంగుళం గుడ్డ తీసేశాక 5 అడుగుల కర్టెన్ గట్టు కన్నా 7 అంగుళాలు కిందికి దిగుతుంది. కిటికీ కింద మంచమో, పిల్లల చదువు బల్లో ఉన్న గదికి ఇది చాలు. కిటికీలో కూలర్ పెట్టే ఇంట్లో అయితే పొడుగు కర్టెన్ వేసవంతా అడ్డమే.

హాల్లో బాల్కనీ తలుపు దగ్గరే అసలు పేచీ. తలుపు 7 అడుగులే కదా అని 7 అడుగుల కర్టెన్ తెస్తారు. రాడ్ గుమ్మానికి 4 అంగుళాల పైన ఉంటుంది, రింగుల పైన ఒక అంగుళం గుడ్డ పోతుంది. దాంతో కింద 5 అంగుళాలు ఖాళీగా మిగిలి, పైకి ఎగ్గట్టిన పంచెలా కనిపిస్తుంది. 9 అడుగులది కొని కింద కత్తిరించి మడత కుట్టుకోండి, లేదా గుడ్డ తీసుకుని మనమే కుడదాం.

లెక్క చూడండి. రాడ్ నుంచి నేలకు 92 అంగుళాలు అనుకుందాం. నేలకు తగలకుండా 1 తీసేయాలి, రింగుల పైన 1 కలపాలి. మళ్లీ 92. పై మడతకు 4, కింది మడతకు 5. మొత్తం 101 అంగుళాలు, అంటే సుమారు 2.57 మీటర్లు. కాటన్ ఉతికితే కుదించుకుపోతుంది కాబట్టి ఒక్కో పట్టీకి 2.75 మీటర్లు కొని, ఒకసారి తడిపి ఆరేశాకే కత్తెర పెట్టండి.

కింద ఆ అంగుళం ఖాళీ ఎందుకంటారా? ఫొటోల్లో నేల మీద పరుచుకున్న కర్టెన్ అందంగానే ఉంటుంది. రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో మాత్రం ఆ అంచు త్వరగా నల్లబడుతుంది.

వంటింట్లో గ్యాస్ స్టవ్ వెనక కిటికీకి కర్టెన్ వద్దే వద్దు. సింక్ వైపు కిటికీకి కావాలంటే సగం కర్టెన్ వేయండి. మధ్యలో చిన్న రాడ్ పెట్టి, గట్టుకు అర అంగుళం పైనే ఆపండి.

వచ్చే భాగంలోపు చేయాల్సింది: ప్రతి రాడ్ నుంచి నేలకు ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా స్టీల్ టేపుతో కొలిచి రాసుకోండి. నేల వాలు వల్ల కొలతల్లో తేడా వస్తే తక్కువదే తీసుకోండి. కుచ్చులకు ఎంత వెడల్పు కావాలో 4వ భాగంలో.