చలి ముదరకముందే నారు ఇల్లు: కట్టేముందు, మూసేముందు చూసుకోవాల్సినవి

దీపావళి దాటి కల్లాల్లో వడ్లు ఎత్తడం మొదలైందంటే, ఇంకో నెలలో మా వైపు చలి దిగుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో వరంగల్ చుట్టుపక్కల తెల్లవారుజామున 10, 12 డిగ్రీలకు పడిపోయే రాత్రులు ఉంటాయి. ఇంకా పైకి, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు పోతే అంతకంటే చాలా తక్కువకు దిగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మనం యాసంగి వరి నారు పోస్తాం. ఎండాకాలం పంట కోసం టమాట, వంకాయ, పుచ్చ, బీర నారు ట్రేలలో పెంచుతాం. పుచ్చ గింజకు వేడి కావాలి. మట్టి 15 డిగ్రీల కింద ఉంటే మొలక రాదు, గింజ లోపలే మురిగిపోతుంది. వరి నారు చనిపోకపోయినా పసుపు తిరిగి, ఎదగకుండా అక్కడే నిలబడిపోతుంది. నెల రోజుల్లో నాటాల్సిన నారు నలభై, నలభై ఐదు రోజులైనా అందదు.

అందుకే చాలామంది వెదురు బొంగులు, పాలిథిన్ కవరుతో చిన్న ఇల్లు కట్టుకుంటున్నారు. మంచి పనే. కానీ కట్టేముందు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. మన దగ్గర చలి రాత్రి పూటదే. డిసెంబరులో కూడా మధ్యాహ్నం 28, 30 డిగ్రీల ఎండ కాస్తుంది. లద్దాఖ్‌లో మూడు వైపులా మందపాటి మట్టిగోడ పెట్టి, దక్షిణం వైపు మాత్రమే కవరు వేస్తారు. ఎందుకంటే అక్కడ రాత్రి సున్నాకు చాలా కిందకు పోతుంది, పగలు కూడా చలే. ఆ వీడియోలు చూసి మనం అట్లాగే బిగించి కడితే నారు చలికి కాదు, ఎండకు చస్తుంది. మన ఇల్లు రాత్రి ఎంత బాగా మూసుకుంటుందో, పొద్దున అంత సులువుగా తెరుచుకోవాలి.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. మూడేళ్ల కింద జనవరిలో ఒక పెళ్లికి పొద్దున్నే హనుమకొండ పోవాల్సి వచ్చింది. రాత్రి కప్పిన గోనె సంచులు తీసేశాను కానీ తలుపులు తెరవలేదు. బయట ఇంకా చలిగానే ఉంది, పదింటికల్లా వచ్చేస్తాను కదా అనుకున్నాను. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. తలుపు ఎత్తగానే గంజి వార్చేటప్పుడు కొట్టే ఆవిరిలా వేడి ముఖానికి తగిలింది. పద్దెనిమిది ట్రేల టమాట నారు మొత్తం కాడలు మెత్తబడి ట్రే మీదికి ఒరిగిపోయింది. ఆకు పట్టుకుంటే ఉడికిన తోటకూరలా వేళ్ల మధ్య నలిగింది. సాయంత్రం దాకా నీళ్లు చిలకరిస్తూ కూర్చున్నాను, ఒక్క మొక్క లేవలేదు. మా ఆవిడ ఏమీ అనలేదు, ట్రేలు ఒక్కొక్కటే తెచ్చి గట్టు మీద బోర్లించింది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు బయటికి పోయినా ముందు అడిగే మాట ఒకటే, తలుపులు తీశారా అని.

కాబట్టి మొదట తలుపుల లెక్క చూసుకోండి. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఇల్లయితే రెండు కొనలకూ మనిషి ఎత్తు తలుపులు ఉండాలి. దక్షిణం వైపు కవరు కింది నుంచి మూడు అడుగులు పైకి చుట్టుకునేలా ఉండాలి. దానికి ఒక పాత పైపును కవరు అంచుకు కట్టి, చాప చుట్టినట్టు చుడితే సరిపోతుంది. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి కప్పు దగ్గర కూడా ఒక కంత ఉంటే మంచిది. అది కుదరకపోతే రెండు కొనల తలుపులపైన చిన్న కిటికీలైనా పెట్టండి. లోపల ఒక థర్మామీటరు తప్పకుండా ఉండాలి. దాన్ని నారు ఎత్తులో, నేరుగా ఎండ పడని చోట వేలాడదీయాలి. కవరుకు ఆనించి కడితే తప్పుడు లెక్క చూపిస్తుంది. అది 30 దాటుతుందంటే తెరవాల్సిన టైమ్ అయిందని అర్థం. ఎండ ఉన్న రోజున ఎనిమిదిన్నర, తొమ్మిదికే ఆ పరిస్థితి వస్తుంది. ఇంట్లో పొద్దంతా ఉండే మనిషి ఒకరు లేకపోతే ఇల్లు కట్టకండి, మడి మీద రాత్రి కప్పి పొద్దున తీసేసే చిన్న గూడు చాలు.

చోటు విషయానికి వస్తే, పొడవు వైపు తూర్పు పడమరలుగా రావాలి. చలికాలంలో పొద్దు దక్షిణానికి వాలి పోతుంది. మన దగ్గర డిసెంబరు నడిమధ్యాహ్నం కూడా అది నడినెత్తికి రాదు, దాదాపు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అందుకే దక్షిణం వైపు చెట్టు నీడ, గోడ నీడ పడకూడదు. ఉత్తరం నుంచి వచ్చేది చలిగాలి, అటు నుంచి ఎండ రాదు. ఆ ఒక్క వైపు మాత్రం మూసేయండి. పల్లంలో అసలు కట్టకండి. బరువైన చల్లగాలి రాత్రిపూట నీళ్లలాగే పల్లానికి జారి అక్కడ నిలుస్తుంది. నీళ్ల భయం ఎలాగూ ఉంది. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వానకు ఓరుగల్లు వైపు కోతకొచ్చిన చేలు ఎట్లా మునిగాయో చూశాం. నవంబరులో కూడా వాయుగుండాలు వస్తూనే ఉంటాయి. ఆ గండం చూసుకున్నాకే కవరు ఎక్కించండి.

ఉత్తరపు గోడకు అందరి దగ్గరా ఉండే సరుకు వరిగడ్డి. మిషన్‌తో కట్టిన గడ్డి మోపులు ఇటుకల్లా పేర్చితే మంచి గోడ అవుతుంది. గడ్డికి వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తుందంటే, దాని సందుల్లో కదలకుండా ఉండే గాలి నుంచి. మన గొంగడి వెచ్చగా ఉండటానికి కారణమూ అదే, ఉన్ని పోగుల మధ్య చిక్కుకున్న గాలి. నూలు బొంత తడిస్తే ఎట్లా బరువెక్కి చలి పుట్టిస్తుందో, గడ్డి గోడ కూడా అంతే. కాబట్టి మోపుల కింద రాళ్లు గానీ కట్టెలు గానీ పెట్టి నేల నుంచి జానెడు లేపండి, పైనుంచి పాత పరదా కప్పండి. లోపలి వైపు యూరియా సంచులు విప్పి కుట్టి తడకలా వేస్తే నీళ్లు చల్లినప్పుడు గడ్డి తడవదు.

గడ్డితో రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఒకటి నిప్పు. మనం ఇల్లు కట్టే రోజుల్లోనే పక్క చేన్లలో కొయ్యకాళ్లకు నిప్పు పెడుతుంటారు. ఒక్క రవ్వ ఎగిరొచ్చి పడితే పాలిథిన్, గడ్డి, వెదురు కలిసి నిమిషాల్లో బూడిద. ఇంటి చుట్టూ కనీసం పది అడుగులు గడ్డిపోచ లేకుండా చెక్కండి, ఒక డ్రమ్ము నీళ్లు, బకెట్ ఎప్పుడూ బయట ఉంచండి, పక్క చేను వాళ్లతో ముందే మాట్లాడుకోండి. రెండోది పాములు. వెచ్చదనానికి, ఎలుకల కోసం గడ్డిలోకి చేరతాయి. చీకట్లో చెప్పులు, టార్చిలైట్ లేకుండా లోపలికి పోకండి, మోపుల సందుల్లో చెయ్యి పెట్టకండి. కాటు పడితే మంత్రం కోసం తిరగకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి.

కవరు కొనేటప్పుడే డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. మామూలు తెల్ల పాలిథిన్ ఒక్క ఎండాకాలానికే పెళుసుబారి పొరలు పొరలుగా ఊడుతుంది. ఎండకు తట్టుకునే యూవీ కవరు, 200 మైక్రాన్ల మందం ఉన్నది అడిగి తీసుకోండి, జాగ్రత్తగా వాడితే మూడేళ్లు వస్తుంది. నల్ల మల్చింగ్ కవరు కప్పుకు పనికిరాదు, వెలుతురు లేక నారు సాగిపోతుంది. బొంగులు పాతే కొనకు తారు గానీ వాడేసిన ఇంజిన్ ఆయిల్ గానీ పూయకపోతే ఎర్ర చల్క నేలల్లో చెదలు ఒక్క సీజన్‌లోనే తినేస్తాయి. రేగడి నేల అయితే ఎండి పగిలినప్పుడు బొంగు వదులవుతుంది, రెండడుగుల లోతు పాతండి. వెదురు కణుపులు, మేకు తలలు కవరును కోస్తాయి. అక్కడ పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టండి. కవరు అంచును చుట్టూ అడుగు లోతు కాలువ తీసి మట్టిలో పూడ్చాలి, పైకి చుట్టే దక్షిణం వైపు తప్ప. కోతులు ఎక్కే ఊరైతే పైన పాత చేపల వల పరిచి లాగి కట్టండి. కోతి గోరు పడ్డ చోట చిన్న చిరుగు కనిపించిన రోజే టేపు వేయాలి, లేకపోతే గాలి దాన్ని తెల్లారేసరికి చీర చించినట్టు చించుతుంది.

ఒక్క కవరు చలిని ఎంతో ఆపుతుందని అనుకోకండి. మామూలు పాలిథిన్ గుండా రాత్రిపూట నేల వేడి ఆకాశంలోకి జారిపోతూనే ఉంటుంది. చుక్కలు స్పష్టంగా కనిపించే రాత్రి, గాలి కదలని రాత్రి, లోపల బయటకంటే ఒక డిగ్రీ తక్కువ కూడా చూపించవచ్చు. మబ్బు పట్టిన రాత్రి అంత భయం లేదు, ఆ మబ్బే దుప్పటి. అందుకే లోపల నాలుగు వేళ్ల సందుతో ఇంకో పలుచని కవరు కట్టుకోవాలి. రెండిటి మధ్య నిలిచే గాలి చాలా వేడిని ఆపుతుంది. బయటి కవరు మీద రాత్రికి గోనె సంచులు, పాత పరదాలు, పాత బొంతలు కప్పండి. కప్పే టైమ్ ముఖ్యం. చీకటి పడ్డాక కప్పితే లోపల ఉన్న వేడి అప్పటికే పోయి ఉంటుంది. మన దగ్గర ఆ నెలల్లో ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది, ఐదింటికే మూసి కప్పేయాలి.

వేడిని దాచుకోవడానికి అన్నిటికన్నా చవకైనది నీళ్లు. నల్ల రంగు పూసిన 200 లీటర్ల డ్రమ్ములు ఉత్తరపు గోడ వెంట నిలబెడితే పగలంతా ఎండ తాగి రాత్రి మెల్లగా వదులుతాయి. ఒక డ్రమ్ము నీళ్లు పది డిగ్రీలు చల్లారితే రెండు యూనిట్ల కరెంటుకు పైగా వేడి బయటికి వస్తుంది, బిల్లు లేకుండా. మూడు నాలుగు డ్రమ్ములు చాలు. మూతలు గట్టిగా పెట్టండి. దోమల సంగతి ఒకటి, పిల్లలు తొంగిచూసి పడే ప్రమాదం ఇంకొకటి.

ఇక ఏం చేయకూడదో ఒకటి గట్టిగా చెప్పాలి. చలి ఎక్కువైందని లోపల బొగ్గుల కుంపటి పెట్టకండి. మూసిన కవరు కింద బొగ్గు సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల బరువెక్కినట్టు, నిద్ర వచ్చినట్టు ఉంటుంది, ఆ నిద్రలోంచి లేవరు. మా వైపు అడవి పందుల కాపలాకు రాత్రి చేనులో పడుకునే వాళ్లు ఉంటారు. బయట మంచె మీద చలి, ఇక్కడ వెచ్చగా ఉంది కదా అని కుంపటితో సహా లోపలికి చేరితే ప్రాణం పోతుంది. నారు మొత్తం పోయినా మళ్లీ పోసుకోవచ్చు. ఇంట్లో పిల్లలకు, కాపలా వాళ్లకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి. మోటారు స్టార్టరు దగ్గర నుంచి వైరు లాగి బల్బులు వేలాడదీయడం కూడా అంతే ప్రమాదం. లోపల ఎప్పుడూ తేమే, తడి కాళ్లతో నడుస్తాం, అతుకుల వైరు బొంగుకు తగిలితే చాలు. పచ్చి పేడ వేడి కోసం లోపల కుప్ప పోస్తే దాని ఘాటుకు లేత ఆకు మాడుతుంది, బాగా మాగిన ఎరువే వాడండి. మందు కొట్టాల్సి వస్తే తలుపులన్నీ తెరిచి, ముక్కుకు మాస్క్ కట్టుకుని కొట్టి బయటికి రండి, వాసన పోయేదాకా లోపలికి పోకండి.

నీళ్లు పొద్దున పెట్టాలి. సాయంత్రం తడిపితే రాత్రంతా కవరు లోపల చెమట పట్టి, చుక్కలు చుక్కలుగా నారు మీద పడి, మొదలు కుళ్లు వస్తుంది. నేల దగ్గర కాడ సన్నబడి, నీళ్లు కారినట్టు మెత్తబడి ఒక మొక్క వాలితే, రెండో రోజుకు చుట్టూ పళ్లెమంత మేర వాలిపోతుంది. ఆ ట్రేను వెంటనే బయటికి తీసి, మిగతా వాటి మొదళ్లు తడిసేలా కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి పోయండి. తలుపులు ఆ రోజు ఇంకో గంట ఎక్కువ తెరిచి ఉంచండి, మందుకంటే గాలే ఎక్కువ పని చేస్తుంది.

వరి నారుమడికి ఇంత ఇల్లు అవసరం లేదు. మండె కట్టి మొలకొచ్చిన వడ్లు చల్లాక, వెదురు బద్దలు వంచి గుచ్చి, సాయంత్రం పాలిథిన్ గానీ సంచుల పట్టా గానీ కప్పి పొద్దున తీసేస్తే చాలు. కవరు నారు కొసలకు తగలకూడదు, తగిలిన చోట ఆకు మాడుతుంది. జానెడు ఎడం ఉంచండి. సాయంత్రం మడిలో నీళ్లు తీసేసి, పొద్దున బోరు నీళ్లు కొత్తగా పెట్టండి. చలికాలం తెల్లవారుజామున బోరు నీళ్లలో చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతుంది కదా, నారుకు ఆ వెచ్చదనం చాలా మేలు. చెరువు నీళ్లు రాత్రికి చల్లబడి ఉంటాయి. ఆకు మీద తుప్పు మచ్చలు కనిపిస్తే జింకు లోపం, జింక్ సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు కలిపి పిచికారీ చేయాలి.

నాటడానికి వారం పది రోజుల ముందు నుంచి నారును బయటి గాలికి అలవాటు చేయండి. మొదట రాత్రి సంచులు కప్పడం మానేయాలి, తర్వాత పగలంతా తలుపులు తీసి ఉంచాలి, చివరి రెండు రాత్రులు ట్రేలు బయటే పెట్టాలి. వెచ్చటి ఇంట్లోంచి నేరుగా చేనులోకి తీసుకుపోతే మూడో రోజుకే ఆకులు తెల్లబడతాయి. శివరాత్రి నాటికి ట్రేలన్నీ ఖాళీ అవుతాయి. అప్పుడు బద్ధకించకుండా కవరు విప్పి, తడి గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, చుట్ట చుట్టి, ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడదీయండి. కొన్న నెల, సంవత్సరం మార్కరుతో అంచు మీద రాసి పెట్టండి.