పిన్‌కోడును కారణాంకాలుగా విడగొట్టడం ఎలా?

పెద్ద సంఖ్యతో ఆడుకోవడానికి లెక్కల పుస్తకమే అక్కర్లేదు. వరంగల్‌కు వచ్చే కవరు మీద 506002 అని ఉంటుంది. తపాలా శాఖకు అందులో మొదటి 5 అంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక. మనకు మాత్రం అది ఐదు లక్షల ఆరు వేల రెండు. కాగితం, పెన్ను చాలు. క్యాలిక్యులేటర్‌తో పని త్వరగా అయిపోతుంది గానీ సరదా పోతుంది.

తేలికైనవి ముందు ముగించండి. చివరి అంకె 2 కనుక ఇది సరిసంఖ్య, 5తో భాగం పోదు. అంకెలన్నీ కూడితే 13, కాబట్టి 3తోనూ పోదు. 2తో భాగిస్తే 253001.

తర్వాత 7, 11, 13. వీటికి తలా ఒక సూత్రం ఉంది, నాకైతే ఒక్కటీ గుర్తుండదు. ఆ మూడింటినీ గుణిస్తే 1001 వస్తుందని గుర్తుంటే చాలు. మొదటి సంఖ్యను మధ్యకు విరిచి ఎడమ సగంలోంచి కుడి సగం తీసేయండి: 506 − 002 = 504. ఎందుకంటారా? 506ను 1001తో గుణిస్తే 506506. అందులోంచి 504 తీస్తే మన సంఖ్య. 1001ని ఆ మూడూ భాగిస్తాయి గనుక చూడవలసింది 504నే. ఏడు డెబ్బైరెండ్లు 504. 11తో, 13తో శేషం వస్తుంది. ఒక్క తీసివేతతో మూడు పరీక్షలు ముగిశాయి! ఇప్పుడు 253001ని 7తో భాగిస్తే 36143.

ఇక్కడి నుంచి ఓపికే దారి. మళ్లీ 7తో చూస్తే 2 మిగులుతుంది. ఆపై 17, 19, 23 అంటూ ప్రధాన సంఖ్యలతో వరసగా భాగించండి. 17 దగ్గర ఒక్కటే మిగిలి ఉసూరుమనిపిస్తుంది. ఎంతదాకా వెళ్లాలి? 190 వర్గం 36100, 191 వర్గం 36481. రెండు కారణాంకాలూ 190 దాటితే లబ్ధం 36143ను మించిపోతుంది. కనుక 190 దాకా ఏదీ భాగించకపోతే అది ప్రధాన సంఖ్యే. అంత దూరం అక్కర్లేకుండానే 47 × 769 దొరుకుతుంది.

769 సంగతి తేల్చడానికి మళ్లీ 2 నుంచి మొదలుపెట్టకండి. దానికి 47 కన్నా చిన్న కారణాంకం ఉంటే ఈసరికే బయటపడేది. 47 వర్గమేమో 2209, 769ని ఎప్పుడో దాటేసింది. కాబట్టి అది ప్రధాన సంఖ్య.

506002 = 2 × 7 × 47 × 769

నాలుగూ ఒక్కోసారే వచ్చాయి గనుక మొత్తం కారణాంకాలు 2 × 2 × 2 × 2, అంటే 16. వాటి మొత్తం కావాలంటే ఒక్కోదానికి ఒకటి కలిపి గుణించండి: 3 × 8 × 48 × 770 = 8,87,040. రెండు వర్గాల మొత్తంగా మాత్రం ఈ సంఖ్యను రాయలేరు. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్య, ఇక్కడి 7 లాంటిది, బేసిసార్లు వస్తే అది కుదరదు.

హనుమకొండ 506001కి 3 ఇట్టే దొరుకుతుంది. కాజీపేట 506003 మొండిది. వందలోపు ప్రధాన సంఖ్య ఒక్కటీ దాన్ని భాగించదు, ఆగాల్సిన చోటేమో 711. రైలు బాగా ఆలస్యమైన రోజున పెట్టుకోండి.