లయోట్రోపిక్ ద్రవ స్ఫటికాలు, 7వ పాఠం: వాలిన పొరలో పోలరైజేషన్ ఎటు?

ద్రావకం కలిసినప్పుడు అణువులు వరుసగా అమరే పదార్థాలే లయోట్రోపిక్ ద్రవ స్ఫటికాలు. వాటిలో ఉష్ణోగ్రతతో వాలు కోణం ఎలా మారుతుందో ఈసారి చెప్పాల్సింది. అది వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠం చివర అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ వాటిలో ఒకే పొరపాటు ఉంది. దాన్ని సరిచేసుకోకుండా ముందుకు వెళ్తే తర్వాతి పాఠాలేవీ నిలబడవు.

ప్రశ్న ఇది: లామెల్లార్ దశలో, అంటే అణువులు పొరలు పొరలుగా పేర్చుకున్న దశలో, అణువులన్నీ ఒకే పక్కకు వాలి ఉంటే పొరకు పోలరైజేషన్ (ధన ఆవేశం ఒక దిక్కుకు, రుణ ఆవేశం ఎదురు దిక్కుకు మొగ్గడం) ఉంటుందా? "తల భాగం పోలార్ కాబట్టి ఉంటుంది" అని రాశారు. తల (అణువులో నీటిని ఇష్టపడే కొస) పోలార్, అంటే దానిలో ధన, రుణ ఆవేశాలు ఎడంగా ఉంటాయి అన్నది నిజమే, నీళ్లు దాని దగ్గర చేరేది అందుకే. కానీ ద్విపొరలో, అంటే తోకలు లోపలికి పెట్టుకున్న రెండు వరుసల పొరలో, పై వరుస తలలు పైకి చూస్తాయి, కింది వరుస తలలు కిందికి చూస్తాయి. రెండూ చెల్లుకు చెల్లు. తలలో ఎంత బలమైన డైపోల్ (ఎడంగా ఉన్న ధన, రుణ ఆవేశాల జంట) ఉన్నా ఆ లెక్క సున్నాయే.

అందుకే నేను డైపోల్ జోలికి ముందే వెళ్లను. మొదట సౌష్ఠవం చూస్తాను. స్మెక్టిక్ సి దశ (అణువులు పొరలుగా చేరి వాలి ఉండే ద్రవ స్ఫటిక దశ) గురించి భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ మేయర్ వాదన నిలబడింది సౌష్ఠవం మీదే. కైరల్ అణువులతో (కుడి, ఎడమ చేతుల్లా తమ అద్దపు ప్రతిబింబంతో సరిపోలనివి) అయితే ఆ దశ ఫెర్రోఎలక్ట్రిక్ (తనంతట తానే పోలరైజేషన్ ఉండి, విద్యుత్ క్షేత్రంతో దాన్ని తిప్పగలిగేది) అవుతుందని ఆయన, ఫ్రాన్స్‌లోని సహచరులు 1975లో చూపించారు. ఆ వాదనను కాగితం మీద మనమే చేద్దాం. దయచేసి చదివి వదిలేయకండి, గీయండి.

అణువును అగ్గిపుల్లలా గీయండి. పై వరుస పుల్లలు తల పైకి ఉండి కుడికి వాలాలి. కింది వరుసవి అదే గీతకు కొనసాగింపుగా, తల కిందికి ఉండి ఎడమకు వాలాలి. ఇప్పుడు కాగితాన్ని బల్ల మీదే ఉంచి 180 డిగ్రీలు తిప్పండి. బొమ్మ మారలేదు కదా? పోలరైజేషన్ బాణాన్ని కాగితం మీద ఎటు గీసినా, పైకి గానీ పక్కకి గానీ, ఈ తిప్పడంతో అది ఎదురు దిక్కుకు తిరుగుతుంది. బొమ్మ మారకుండా బాణం మాత్రం తిరగడం కుదరదు. కాబట్టి ఆ బాణం సున్నా. తలల డైపోల్ కథ ఇక్కడితో అయిపోయింది.

మిగిలింది ఒక్కటే దిక్కు: కాగితంలోంచి నిటారుగా మీ వైపు వచ్చేది. తిప్పినా అది మారదు. ఇప్పుడు కాగితం తలాన్నే అద్దం అనుకోండి. మామూలు అణువులైతే అద్దానికి అటూ ఇటూ ఒకటే, కాబట్టి ఈ బాణమూ సున్నా. అణువులు కైరల్ అయితే మాత్రం అద్దంలో కనిపించేది వేరే అణువు, ఎదురు చేతిది. అంటే ఆ అద్దం ఇక చెల్లదు, బాణాన్ని చెరిపేసేది ఏదీ మిగలదు. కైరల్ అణువులు వాలితే పోలరైజేషన్ వాలు తలానికి లంబంగా, పొర వెంట నిలబడుతుంది. రెండు చేతుల అణువులు సమానంగా కలిపితే పోతుంది. అది ఎంత పెద్దదన్నది సౌష్ఠవం చెప్పదు. దానికి అణువు నిర్మాణం చూడాలి.

ఇక ద్రావకం సంగతి. కైరల్ దశలో వాలు దిశ పొర నుంచి పొరకు కొద్దికొద్దిగా తిరుగుతూ హెలిక్స్ (మెలి) కడుతుంది. దాంతో పోలరైజేషనూ తిరుగుతుంది, ఒక పూర్తి చుట్టులో సగటు సున్నా. థర్మోట్రోపిక్‌లో (ద్రావకం లేకుండా, ఉష్ణోగ్రతతోనే ఏర్పడే ద్రవ స్ఫటికాల్లో) పొరలు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి కాబట్టి ఇది ఊహించవచ్చు. మన దశలో మధ్యలో ద్రావకం పొర ఉంది. పక్క పొర ఎటు వాలిందో దాని అవతల ఉన్న పొరకు ఎలా తెలుస్తుంది? అయినా తెలుస్తుంది. 2013లో స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ గీసెల్‌మన్ బృందం లయోట్రోపిక్ కైరల్ స్మెక్టిక్ సి దశను, విద్యుత్ క్షేత్రంతో అది మారడాన్నీ చూపించింది. హైడ్రోజన్ బంధాల వల కట్టగల ద్రావకాలు ఇక్కడ ముఖ్యం. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫలితం ఇదే.

వాలు ఉందో లేదో తేల్చడానికి పొరల దూరం నుంచి కొసైన్ తీసి కోణం చెప్పేయకండి. ఆ దూరంలో ద్రావకం మందం కలిసి ఉంటుంది, అణువుల తోక గొలుసులు కరిగినా పొర పలచబడుతుంది. పొరలు గాజుకు సమాంతరంగా ఉన్న నమూనాను, ముందు కైరల్ కానిదాన్ని, క్రాస్డ్ పోలరైజర్ల (ఒకదానికొకటి లంబంగా పెట్టిన రెండు కాంతి వడపోతల) మధ్య పెట్టి చూడండి. వాలు లేకపోతే నల్లగా ఉంటుంది. వాలు ఉంటే ష్లీరెన్ గీతలు (వంకర తిరిగే నల్లని పట్టీలు) కనిపిస్తాయి, ప్రతి లోపం (వాలు దిశ తేలని బిందువు) దగ్గరా నాలుగు నల్లని కుంచెలు కలుస్తాయి. డీపీపీసీ అనే లిపిడ్ (కొవ్వు అణువు) జెల్ దశలో గొలుసులు సుమారు 30 డిగ్రీలు వాలి ఉంటాయని కొందరు ఉదాహరణ ఇచ్చారు. నిజమే, కానీ అక్కడ గొలుసులు బిగుసుకుపోయి ఉంటాయి. మనకు కావలసింది పొర లోపల ద్రవంలా కదిలే దశ.

అభ్యాసం ఒక్కటే, కాస్త కష్టం. ద్విపొరలో పై వరుస తలలు, కింది వరుస తలలు రెండూ కుడికే వాలినట్టు, బాణం ములుకులా గీయండి. అణువులు కైరల్ కావు. పైన చేసినట్టే ఒక్కో దిక్కు బాణాన్నీ పరీక్షించండి. కాగితాన్ని తిప్పితే ఈసారి బొమ్మ అదే ఉంటుందా? ఏ అద్దాలు చెల్లుతాయి? పోలరైజేషన్ మిగిలితే అది ఎటు? కారణం రాయని జవాబును నేను సరైనదిగా తీసుకోను.