కంటిపాపను పెద్దది చేసే చుక్కలకు ముందు: గ్లాకోమా పరీక్ష క్రమం

నీటికాసులు అని మన ఊళ్లలో పిలిచే గ్లాకోమా చాలామందిలో నొప్పి పెట్టదు. ఎదుటి చూపును చివరిదాకా వదిలిపెట్టి, చుట్టుపక్కల చూపును కొద్దికొద్దిగా హరిస్తుంది. ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనంలో భాగంగా హైదరాబాద్‌లో పరీక్షించినప్పుడు, ఓపెన్ యాంగిల్ గ్లాకోమా (కంటిలోని నీరు బయటికి పోయే కోణం తెరిచే ఉండే రకం) ఉన్నట్టు తేలినవారిలో 90 శాతానికి పైగా మందికి ఆ సంగతి అంతకుముందు తెలియదు. కాబట్టి దగ్గరచూపు అద్దాల కోసం వచ్చిన మనిషిలోనే ఈ జబ్బును వెతకడం ఆప్టోమెట్రీ విద్యార్థి నేర్చుకోవాలి.

మొదట తల్లిదండ్రులకు, తోబుట్టువులకు ఈ జబ్బు ఉందేమో అడగండి. దురదకని మందుల షాపులో కొని నెలల తరబడి వేసుకుంటున్న చుక్కల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు గనుక, సీసా తెప్పించి పేరు మీరే చదవండి. తర్వాత ఒక్కో కంటి చూపును విడిగా కొలిచి, తగ్గినచోట పిన్‌హోల్ (సన్నని రంధ్రమున్న బిళ్ల) పెట్టి చూడండి. దానితో మెరుగుపడితే కారణం చాలావరకు అద్దాల పవరే, మెరుగుపడకపోతే జబ్బును అనుమానించాలి.

ఇక పాపల పరీక్ష. శిక్షణలో ఎక్కువగా దాటవేసేది ఇదే, చుక్కలు పడ్డాక తిరిగి చేయలేనిదీ ఇదే. గదిలో వెలుతురు తగ్గించి, రోగిని దూరాన ఉన్న వస్తువును చూడమని చెప్పి, టార్చిలైటును ఒక కంటి మీద రెండు మూడు సెకన్లు నిలిపి, చప్పున రెండో కంటి మీదికి మార్చండి. వెలుగు పడిన కంటి పాప ముడుచుకోకుండా విప్పారితే ఆ వైపు దృష్టినాడి గానీ, రెటీనాలో (కంటి వెనుక వెలుగును గ్రహించే పొరలో) పెద్ద భాగం గానీ దెబ్బతిన్నదని అర్థం. శుక్లం ఒక్కటే దీనికి కారణం కాదు కనుక, శుక్లం ఉన్న కంటిలో ఇది కనిపిస్తే ఆపరేషన్‌తో చూపంతా వస్తుందని రోగికి ఎన్నడూ మాట ఇవ్వకండి.

తర్వాత స్లిట్ ల్యాంప్ (సన్నని కాంతిరేఖతో కంటిని పెద్దదిగా చూపే సూక్ష్మదర్శిని) మీద వాన్ హెరిక్ పద్ధతిలో కోణాన్ని, అంటే కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాకూ, పాప చుట్టూ ఉన్న రంగు పొరకూ మధ్య సందును, అంచనా వేయాలి. సన్నని కాంతిరేఖను 60 డిగ్రీల వాలుతో కణత వైపు కార్నియా అంచు మీద వేసి, కార్నియా మందంతో దాని వెనుక నల్లగా కనిపించే ఖాళీని పోల్చండి. ఆ ఖాళీ మందంలో నాలుగో వంతు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే కోణం ఇరుకుగా ఉండవచ్చు. గోనియోస్కోపీ (ప్రత్యేక లెన్సుతో కోణాన్ని నేరుగా చూసే పరీక్ష) చేసి డాక్టరు సరేననేవరకు చుక్కలు వేయకూడదు, ఎందుకంటే పాప విప్పారినప్పుడు ఇరుకైన కోణం పూర్తిగా మూసుకుని పీడనం ఒక్కసారిగా పెరగగలదు. అనుభవం లేని చేతికి మొదట్లో అంచు దొరకదు. రోజుకు పది కళ్లు చూసి, మీ అంచనాను గోనియోస్కోపీ ఫలితంతో సరిచూసుకోవడమే దీనికి సాధన.

కంటి పీడనాన్ని గోల్డ్‌మన్ టోనోమీటరుతో, కొలిచిన వేళతో సహా నమోదు చేయండి. సాధారణంగా 10 నుంచి 21 మి.మీ. పాదరసం అంటాం, కానీ ఈ సంఖ్యను చూసి నిశ్చింతగా ఉండటం ప్రమాదకరం: 21 లోపు ఉన్నవారిలోనూ నాడి దెబ్బతింటుంది, పలుచని కార్నియా పీడనాన్ని అసలుకంటే తక్కువగా చూపుతుంది.

కోణం సరిగా ఉందని తేలిన తర్వాతే చుక్కలు వేసి, 90 డయాప్టర్ల లెన్సుతో నాడి శిరస్సును, అంటే కంటి వెనుక గుండ్రంగా కనిపించే దృష్టినాడి మొదలును (డిస్కును), చూడండి. ముందు దాని పరిమాణం గమనించండి. పెద్ద డిస్కులో పెద్ద గుంట (కప్) సహజం కావచ్చు. గుంట చుట్టూ ఉన్న అంచు ఎక్కడైనా పలుచబడిందా, ముఖ్యంగా పైనా కిందా, అంచు మీద చిన్న రక్తపు చార ఉందా, రెండు కళ్ల కప్–డిస్క్ నిష్పత్తిలో 0.2 లేదా అంతకు మించిన తేడా ఉందా అన్నవి బొమ్మ గీసి రాయాలి. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా దృష్టి క్షేత్ర పరీక్షకూ (చుట్టుపక్కల చూపు ఎంత ఉందో కొలిచేది), నేత్ర వైద్యునికీ పంపండి. ఆ చీటీలో చుక్కలకు ముందు పాపలు ఎలా స్పందించాయో, కోణం ఎంత ఉందో, పీడనం ఏ వేళకు ఎంత ఉందో తప్పక ఉండాలి.