డ్రాగన్ ఫ్రూట్ కొమ్మ ముక్కలకు రూటింగ్ హార్మోన్ వాడే పద్ధతి

పర్లాకిమిడి, గుణుపూరు ప్రాంతాలలో డ్రాగన్ ఫ్రూట్ వేయదలచినవారికి దగ్గరలో కాపు కాస్తున్న తోట ఒకటుంటే, కాపు ముగిశాక అక్కడ కత్తిరించే కొమ్మలే నారుకు సరిపోతాయి. ఈ మొక్క హార్మోన్ లేకుండానే వేళ్లు వేస్తుంది. వేళ్లు పుట్టించే రూటింగ్ హార్మోన్ పొడి వాడితే ఆ వేళ్లు త్వరగా, ఎక్కువ సంఖ్యలో పుడతాయి. అంతకు మించి ఆశించరాదు, ఎందుకంటే లేత కొమ్మను గాని, కుళ్లు తగిలిన కొమ్మను గాని ఏ పొడీ నిలబెట్టలేదు.

నవంబరు నాటికి కాపు ముగిసినా, చలిలో వేళ్లు మందగిస్తాయి కనుక, ముఖ్యంగా రాయగడ వైపు కొండ ఊళ్లలో, మాఘమాసం వరకు ఆగడం మేలు. ఏడాది వయసు దాటి, ముదురు ఆకుపచ్చగా, గట్టిగా ఉన్న కొమ్మను ఎంచుకొని, స్పిరిట్‌తో తుడిచిన కత్తితో 20 నుంచి 25 సెంటీమీటర్ల ముక్కలుగా కోయాలి. కోశాక ఏది అడుగో ఏది పైకొనో తెలియక తికమకపడతారు. అందుకే కోసేటప్పుడే అడుగు కొనను పెన్సిల్ చెక్కినట్లు మూడు అంచుల నుంచీ చెక్కి, లోపలి గట్టి ఈనె రెండు సెంటీమీటర్ల మేర బయటపడేలా చేయాలి. వేళ్లు ఎక్కువగా ఈ ఈనె చుట్టూనే పుడతాయి.

కోసిన చోట జిగురు కారుతుంది. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంధ్రాలను అరికట్టే మందు) కలిపిన ద్రావణంలో అడుగు కొనను ముంచి తీసి, గాలి ఆడే నీడలో 5 నుంచి 7 రోజులు ఆరనివ్వాలి. ముసురు పట్టిన రోజులైతే ఇంకొంత సమయం పడుతుంది. వేలితో తాకితే అంటుకోకుండా, కోత మీద పొర కట్టి గరుకుగా తగిలితేనే ఆరినట్లు. నా అంచనాలో ముక్కలు కుళ్లడానికి హార్మోన్ లోపం కన్నా ఈ ఆరబెట్టడంలో చూపే తొందరే పెద్ద కారణం.

రూటింగ్ పొడులలో సాధారణంగా ఉండే మందు ఐబీఏ, అంటే ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం. ప్యాకెట్ మీద 3000 పీపీఎం అని ఉంటే కిలో పొడిలో 3 గ్రాముల మందు ఉన్నదని అర్థం. ఇంటి వాడకానికి ఆ గాఢత చాలు. శుద్ధమైన ఐబీఏ నీటిలో సరిగా కరగదు, ఆల్కహాల్‌లో కరిగించి మిల్లీగ్రాముల లెక్కన తూచవలసి ఉంటుంది కనుక ఆ జోలికి పోనక్కరలేదు. కావలసినంత పొడిని వేరే పళ్లెంలోకి తీసుకోవాలే తప్ప ముక్కను ప్యాకెట్‌లోనే ముంచరాదు. ఒక ముక్క తేమ, తెగులు మొత్తం పొడికి అంటుతాయి. ఆరిన కొనను తడి గుడ్డతో కాస్త అద్ది, పొడిలో పొర్లించి, మిగులు రాలేలా తట్టాలి. దట్టంగా పట్టిస్తే మేలు జరగకపోగా కొన మాడుతుంది.

వంశధార ఇసుక, తోట మట్టి, బాగా మాగిన గెత్తం సమంగా కలిపి సంచులు నింపి, ముందుగా పుల్లతో గుంట చేసి, పొడి రాలిపోకుండా ముక్కను 5 సెంటీమీటర్ల లోతున దించాలి. మట్టి చెమ్మగా ఉంటే చాలు. పాక్షిక నీడలో మూడు నాలుగు వారాలకు వేళ్లు వస్తాయి. పైన చిగురు కనిపించినంత మాత్రాన వేరు పుట్టినట్లు కాదు, కొమ్మలోని నిల్వతోనే చిగురు రావచ్చు. ముక్కను మెల్లగా లాగితే బిగుసుకొని ఉండాలి.

జూన్ వానలకు, మొక్క పాకేందుకు నిలిపిన స్తంభం చుట్టూ, దానికి నాలుగైదు అంగుళాల దూరంలో నాటేటప్పుడు, కొమ్మ మీద పుట్టే ఊత వేళ్లు పట్టుకునేందుకు వీలుగా కొమ్మ చదునైన పక్కను స్తంభం వైపు తిప్పి కట్టాలి.