మెసరేటర్ టాయిలెట్‌కి ఏ పైపు వేయించాలి?

హైదరాబాద్ నల్లకుంటలో మాది పాత ఇల్లు. ఏళ్ల తరబడి రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో ఇల్లు పల్లమైపోయింది. మోకాళ్ల నొప్పులతో నడవలేని అత్తమ్మకి వెనక గదిలోనే టాయిలెట్ కావాలి. డ్రైనేజీ చాంబరేమో ముందు గేటు దగ్గర. గచ్చంతా తవ్వినా నాలుగించుల పైపుకి వాటం రాదని తేలాక మెసరేటర్ అనే మెషిన్ పెట్టించాం.

మీ ఇంట్లో పైపు పోయే దూరానికీ ఎత్తుకీ సరిపోయే మెషిన్ ఏది కొన్నా పని చేస్తుంది. ఇబ్బందంతా పైపు దగ్గరే వస్తుంది. కమోడ్ వెనక ఉండే ఈ పెట్టె మలాన్ని బ్లేడ్లతో మెత్తగా చేసి, పంపుతో సన్న పైపులోకి తోస్తుంది. కాబట్టి ఇది ప్రెషర్ లైను. సంపులోంచి ట్యాంకుకి నీళ్లెక్కించే పైపుని ఎంత జాగ్రత్తగా ఎంచుకుంటారో దీన్నీ అలాగే ఎంచుకోవాలి. టాయిలెట్ అనగానే ప్లంబర్లు రబ్బరు రింగు ఉండే ఎస్‌డబ్ల్యూఆర్ పైపు, అంటే మామూలు మురుగు పైపు తెస్తారు. ఆ రింగు జాయింట్లు పంపు ఒత్తిడికి పనికిరావు. సొల్యూషన్ వేసి అతికించే పైపే కావాలి. వంగే ఫ్లెక్సిబుల్ పైపు అసలొద్దు. అది మధ్యలో జారి, ఆ గుంటలో మురుగు నిలిచిపోతుంది.

“ఇంత సన్న పైపులో పోతదా అక్కా?” అని మా ప్లంబర్ చాలాసేపు నమ్మలేదు. సన్నగా ఉంటేనే పోతుంది. ఇంచున్నర, రెండించులు వేస్తే నీటి వేగం తగ్గి, మెత్తబడిన మలం అడుగున పేరుకుంటుంది.

సైజు దగ్గర ఒక మెలిక ఉంది. మాన్యువల్‌లో సైజు పైపు బయటి కొలతలో, మిల్లీమీటర్లలో ఉంటుంది: మామూలుగా 22, 28, 32. ట్రూప్ బజార్‌లోనో రాణీగంజ్‌లోనో దుకాణంవాళ్లు ఇంచుల్లో చెప్తారు. ఒక ఇంచు సీపీవీసీ (వేడినీళ్లకి వాడే ప్లాస్టిక్ పైపు) బయటి కొలత 28.6. అదే ఒక ఇంచు ప్లంబింగ్ యూపీవీసీ (చన్నీళ్లకి వాడే గట్టి పీవీసీ పైపు) అయితే 33.4. రెండూ “ఇంచు పైపే”, కానీ మెషిన్‌తో వచ్చే రబ్బరు ఎల్బోలో రెండోది పట్టకపోవచ్చు. ఆ ఎల్బోని దుకాణానికి తీసుకెళ్లి, అక్కడే పైపుకి తొడిగి చూడండి. నా ఓటు ఇంచు సీపీవీసీకే. వాష్‌బేసిన్‌నో షవర్‌నో కూడా ఇదే మెషిన్‌కి కలిపితే గీజర్ నీళ్లు ఈ పైపులోంచే పోతాయి. ఆ వేడిని సీపీవీసీ తట్టుకున్నంతగా మామూలు పీవీసీ తట్టుకోదు.

ఇక దారి. పైపు పైకి ఎక్కాల్సి ఉంటే మెషిన్ పక్కనే, మొదట్లోనే నిలువుగా ఎక్కించేయాలి. కొంత దూరం అడ్డంగా పోయి తర్వాత ఎక్కితే, మోటారు ఆగినప్పుడల్లా ఆ అడ్డం పైపులో మురుగు నిలుస్తుంది. పైకెక్కాక మీటరుకి కనీసం ఒక సెంటీమీటరు, అంటే పది అడుగులకి ఇంచుంపావు వాటం ఉండాలి. రసమట్టం పెట్టి చూడండి, కంటి అంచనా చాలదు. ఒక మీటరు నిలువుగా ఎక్కించడం సుమారు పది మీటర్లు అడ్డంగా తోయడంతో సమానం కాబట్టి, మెషిన్ కొనేముందే మీ దారిని టేపుతో కొలవండి.

మలుపుల్లో 90 డిగ్రీల ఎల్బో వాడనివ్వకండి. 45 డిగ్రీలవి రెండు, మధ్యలో చిన్న ముక్క. ప్లంబర్‌కి పని పెరుగుతుంది, విసుక్కుంటాడు. అయినా పట్టుబట్టాల్సిందే. బట్టలూ జుట్టూ లాంటివి పొరపాటున పడితే ఇరుక్కునేది ఆ మలుపుల్లోనే. నిలువు పైపు అడుగున ఒక టీ జాయింటు, చిన్న వాల్వ్ పెట్టించండి. మెషిన్ విప్పే రోజున పైపులో నిలిచిన మురుగు గదిలో పడకుండా బకెట్‌లోకి వదలొచ్చు.

మాలాగా పైపు పైకప్పు కింద నుంచి పోయి మళ్లీ చాంబర్‌లోకి దిగేటట్లయితే, దిగడం మొదలయ్యే ఎత్తైన చోట గాలి లోపలికి తీసుకునే వాల్వ్ తప్పనిసరి. లేకపోతే దిగే నీరు వెనకున్నదాన్ని లాగేసి, మెషిన్‌లో గుడగుడ మొదలవుతుంది. ఎండ తగిలే పైపుకి పెయింట్ వేయించండి, మన మే నెల ఎండకి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. రెండేసి అడుగులకి క్లాంపు.

చివర కలిపేది టాయిలెట్ లైనుకో డ్రైనేజీ చాంబర్‌కో మాత్రమే. దగ్గరగా ఉంది కదా అని వాన నీటి పైపుకి కలపడం చాలా తప్పు. ఆ మురుగు వీధిలోకి, నాలాలోకి పోతుంది.

సొల్యూషన్ ఒక రోజంతా ఆరనిచ్చి, గోడ పూడ్చకముందే బకెట్లతో నీళ్లు పోసి ప్రతి జాయింటూ చేత్తో తడిమి చూడండి. మోటారు కొన్ని సెకన్లలో ఆగిపోవాలి. ఎవరూ ఫ్లష్ చేయకుండానే అప్పుడప్పుడూ దానంతటదే తిరుగుతోందంటే, ఫ్లష్ ట్యాంకు కారుతోందో, పైపులో నీళ్లు వెనక్కి వస్తున్నాయో చూసుకుని, అది సరిచేశాకే గోడ పూడ్చడానికి మేస్త్రీని పిలవండి.