వైన్ రుచి చూడడం – 4వ పాఠం: పాత షాంపేన్‌లోని మూడు వయసులు

గత పాఠంలో ఒకే వైన్‌ను మూడు ఉష్ణోగ్రతల వద్ద రుచి చూసి, చల్లదనం పెరిగేకొద్దీ వాసన ఎలా ముడుచుకుపోతుందో రాసుకోమని చెప్పాను. ఆ అభ్యాసం చేసినవారికి ఈ పాఠం త్వరగా పట్టుబడుతుంది. స్నేహితుడొకరు ఏళ్ల తరబడి దాచుకున్న షాంపేన్ సీసాలను తెరవడానికి పదిమందిని పిలిచారనుకుందాం. 750 మిల్లీలీటర్ల సీసాను పదిమందికి పంచితే ఒక్కొక్కరికి వచ్చేది 75 మిల్లీలీటర్లే, పైగా అటువంటి సీసా మళ్లీ ఎదురుపడకపోవచ్చు. కనుక గ్లాసులో ఏం వెతకాలో ముందుగా తెలుసుకుని వెళ్లడం అవసరం.

షాంపేన్ పాతదని అన్నప్పుడు మనం మూడు వయసులను కలిపి ఒకే మాటగా అంటున్నాం. మొదటిది ద్రాక్ష కోసిన ఏడాది నుంచి లెక్కించే వయసు. రెండవది, సీసాలో రెండోసారి పులిసిన వైన్ ఈస్టు మడ్డి మీద గడిపిన కాలం. మూడవది, ఆ మడ్డిని తొలగించి అసలు బిరడా బిగించిన నాటి నుంచి గడిచిన కాలం. గ్లాసులో తోచిన ప్రతి గుణం ఈ మూడింటిలో దేని నుంచి వచ్చిందో విడదీయడమే ఈ పాఠంలో మనం సాధించవలసిన నైపుణ్యం.

పంట వయసును నాలుక మీద పులుపు ద్వారా పట్టుకోవాలి. షాంపేన్ ప్రాంతం ఫ్రాన్సు ఈశాన్య భాగంలో, చలి ఎక్కువగా ఉండే చోట ఉంది. అక్కడి షార్దొనే, పినో న్వార్, మ్యూనియే ద్రాక్షలు మంచి పులుపును నిలుపుకుంటాయి. 1996, 2008 పంటలు పులుపు చురుకుగా ఉన్నవిగా పేరు పొందాయి. పండ్ల వాసన మారిపోయినా, బుడగలు తగ్గినా, ఈ పులుపు వైన్‌ను చాలాకాలం నిలబెడుతుంది. గుక్క మింగిన తర్వాత నాలుక పక్కల నీరు ఎంతసేపు ఊరుతుందో మనసులో లెక్కపెట్టండి. నేను ముదిరిన వైన్ ప్రాణాన్ని రంగు కన్నా ఈ లెక్కతోనే ఎక్కువగా అంచనా వేస్తాను.

రెండవ వయసు మడ్డిది. సీసాలో పోసేటప్పుడు లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెరను, ఈస్టును కలుపుతారు. ఈస్టు ఆ చక్కెరను తిని దాదాపు 6 అట్మాస్ఫియర్ల పీడనాన్ని పుట్టించి చనిపోతుంది. ఆ మృతకణాలు నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ వైన్‌కు బ్రెడ్ పిండి వాసనను, నోటిలో మీగడ వంటి నునుపును ఇస్తాయి. పంట ఏడాది రాయని షాంపేన్‌ను సీసాలో కనీసం 15 నెలలు, పంట ఏడాది రాసినదాన్ని కనీసం 3 ఏళ్లు ఉంచాలని నియమం. మంచి తయారీదారులు ఇంతకన్నా చాలా ఎక్కువ కాలం ఆగుతారు. మడ్డి ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది గనుక దాని మీద ఉన్నంతకాలం వైన్ ఆశ్చర్యం కలిగించేంత తాజాగా ఉంటుంది.

మూడవ వయసు దగ్గరే చాలామంది తడబడతారు. మడ్డిని బయటకు నెట్టే పనిని ఫ్రెంచిలో దెగోర్జ్‌మాన్ అంటారు. ఆ క్షణంలో కొద్దిగా గాలి లోపలికి చేరుతుంది, చాలా సీసాలలో కొద్దిగా చక్కెర కూడా కలుపుతారు. బ్రూట్ అని రాసి ఉంటే ఆ చక్కెర లీటరుకు 12 గ్రాముల లోపే ఉంటుంది. ఈ చక్కెరకు, మడ్డి విడిచిన అమైనో ఆమ్లాలకు మధ్య ఏళ్ల పాటు చాలా మెల్లగా చర్య జరుగుతుంది. కాలుతున్న బ్రెడ్ పైభాగం గోధుమరంగుకు తిరిగేది కూడా ఈ కోవకు చెందిన చర్యతోనే. వేయించిన బాదం, తేనె, కాఫీ వాసనలు ఇక్కడి నుంచే వస్తాయి. పుట్టగొడుగు వాసన కూడా ఈ ముదురుతనంలోనే కనబడుతుంది. కాల్చని పిండి వాసన మడ్డిదని, కాలిన పెచ్చు వాసన బిరడా బిగించిన తర్వాతి కాలానిదని గుర్తు పెట్టుకోండి. ఈ గుర్తు ప్రతిసారీ సరిపోదు, అయినా నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి ఆధారం నాకు తెలియదు.

ఒక మిత్రుని ఇంట ఒకే తయారీదారు ఒకే ఏడాది పంటతో చేసిన రెండు సీసాలను పక్కపక్కన రుచి చూశాను. మడ్డి తీసిన తేదీలు దాదాపు పదేళ్ల తేడాతో ఉన్నాయి. ముందుగా తీసినది తేనెరంగుకు తిరిగి, కాఫీ వాసనతో నిండుగా ఉండగా, ఆలస్యంగా తీసినది నిమ్మతొక్క వాసనతో బిగువుగా ఉంది. బొలాంజే సంస్థ సీసా మీద వేసే ఆర్.డి. అనే అక్షరాలకు ఇటీవలే మడ్డి తీసినదని అర్థం. కాబట్టి సీసా వెనుక తేదీ ముద్రించి ఉంటే, రుచి చూసిన తర్వాతే దాన్ని చదవండి. పెద్ద సీసా కనబడితే అదనంగా ఒక మాట రాసుకోండి: 1.5 లీటర్ల మాగ్నమ్ మెడ కూడా మామూలు సీసా మెడంతే ఉండడం వల్ల, లోపలి వైన్‌కు అందే గాలి పాలు తగ్గి అది నెమ్మదిగా ముదురుతుంది.

లేత షాంపేన్‌కు తగిన చల్లదనం ముదిరినదానికి పనికిరాదు. 10 నుంచి 12 డిగ్రీల వద్ద, సన్నని పొడుగు గ్లాసులో కాకుండా మధ్యలో ఉబ్బి పైన ముడుచుకున్న గ్లాసులో పోయాలి. బుడగలు తక్కువైనంత మాత్రాన లోపమని తీర్పు చెప్పకండి, బిరడా గుండా ఏళ్ల తరబడి వాయువు పోతూనే ఉంటుంది.

తొలి వాసనకే తీర్పు చెప్పడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. 2010లో బాల్టిక్ సముద్రంలో ఓలాండ్ దీవుల దగ్గర, సుమారు 50 మీటర్ల లోతున మునిగిన ఓడలో 168 షాంపేన్ సీసాలు బయటపడ్డాయి. దాదాపు 170 ఏళ్ల నాటి ఆ వైన్‌కు మొదట తడిసిన వెంట్రుకల వాసన ఉందని పరీక్షించినవారు రాశారు. గ్లాసును తిప్పిన తర్వాత అందులోనే పొగ, తోలు, పండ్లు, పూల వాసనలు లేచాయి. మీరు కూడా పోసిన వెంటనే ఒకసారి, పది నిమిషాలకు ఒకసారి, అరగంటకు ఒకసారి వాసన చూసి, మూడు వరుసలుగా రాయండి.

ఈ ఓపికే బిరడా దోషాన్ని కూడా పట్టిస్తుంది. ముదిరిన వైన్‌లోని పుట్టగొడుగు వాసన గాలి తగిలేకొద్దీ పండ్ల వాసనకు చోటిస్తుంది. టి.సి.ఎ. అనే పదార్థం సోకిన వైన్‌లో తడి అట్టపెట్టె వాసన తగ్గకపోగా, పండ్ల వాసన అంతకంతకూ అణగారిపోతుంది. అటువంటి అనుమానం వస్తే పదిమందిలో ప్రకటించకుండా ఆతిథేయిని పక్కకు పిలిచి చెప్పండి. ఆ సీసాను ఎంతో ప్రేమగా దాచుకున్న మనిషి ఆయన.

ఈ వారం అభ్యాసం: ఒక్క గ్లాసును ఎంచుకుని, పులుపు, పిండి, పెచ్చు అనే మూడు శీర్షికల కింద మీకు తోచినవి రాయండి. గ్లాసు ఖాళీ అయ్యాక దాన్ని వెంటనే కడగనివ్వకండి. గంట తర్వాత ఆ ఖాళీ గ్లాసు అడుగున మిగిలిన వాసన ఏ శీర్షిక కిందకు వస్తుందో చూసి, నాలుగో వరుసగా చేర్చండి. తర్వాతి పాఠంలో అడుగున గసి పేరుకున్న పాత రెడ్ వైన్ సీసాను కదలకుండా నిలబెట్టడం, గసి కలవకుండా వంపడం నేర్చుకుందాం.